ఆకుపచ్చ చుక్క తూటాలు

వేట మొదలయ్యే సోమవారం పొద్దున క్యాంపులో ప్రతి మనిషి కంచం పక్కనా ఐదు తూటాలు నిలబెట్టి ఉంటాయి. కొండ మీద ఆ క్యాంపు కట్టిననాటి నుంచీ ఉన్న పద్ధతి అది. కాల్చేసిన ఖాళీ గుల్లలను మళ్ళీ నింపి తెచ్చిన మనిషే తన చేత్తో వాటిని ఒక్కో కంచం పక్కనా నిలబెట్టాలి. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ పని హైరమ్ స్టాల్‌ది. ఈ ఏడు లైల్ బోయర్‌ది.

హైరమ్‌ను ఎవరూ మానెయ్యమనలేదు. అదే అతనికి ఎక్కువ మంట. మానెయ్యమని ఉంటే ఎదురు తిరిగి నాలుగు మాటలు అనేవాడు. అలాంటిదేమీ జరగలేదు. రావడం మానేశారు, అంతే. సెప్టెంబరు వచ్చిందంటే గుల్లల సంచులు పట్టుకుని ఒక్కొక్కరే అతని ఇంటి నేలమాళిగ మెట్లు దిగేవాళ్ళు. బల్ల పక్కన పాత సోఫాలో కూలబడేవాళ్ళు. అతను తక్కెడలో మందు తూచుతుంటే కాఫీ తాగుతూ లోయలోని సంగతులన్నీ చెప్పేవాళ్ళు. అతను పెద్దగా మాట్లాడేవాడు కాదు. వింటూ గుల్లలో మందు పోసి, మూతి మీద గుండు పెట్టి, ప్రెస్సు పిడి కిందికి లాగేవాడు. ఈ ఏడు సెప్టెంబరు పోయింది. అక్టోబరు కూడా సగం పోయింది.

"ఏంటి, ఈసారి మీవాళ్ళెవరూ రాలేదే?" అంది అతని భార్య మేబెల్. "వస్తారు కదాని రెండు యాపిల్ పైలు చేశా. కుక్క కూడా తినలేక వదిలేసింది."

"వస్తార్లే," అన్నాడు హైరమ్.

మర్నాడు కిరాణా కొట్టుకు పోతూ లైల్ ఇంటి ముందు వెర్లిన్ ట్రక్కు ఆగి ఉండడం చూశాడు. వెర్లిన్ ఎవరో కాదు, మేబెల్ సొంత తమ్ముడు. హైరమ్ బండి ఆపలేదు. ఆ రోజు పంచదార తెమ్మంటే ఉప్పు తెచ్చాడు.

లైల్ క్యాంపులోకి వచ్చి మూడేళ్ళు. మామగారు పోతే ఆయన పడక ఇతనికి వచ్చింది. నలభై దాటినవాడు, ఇనప సామాను కార్ఖానాలో పని. వెంట్రుక మందాన్ని కూడా కొలిచే పనిముట్లు అతని చొక్కా జేబులోనే ఉంటాయి. తూటాలు నింపడం కూడా అలాగే. అతని తక్కెడకు పళ్ళేలు లేవు, ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ఎవరి గుల్లలు వాళ్ళ పేరున విడిగా గుడ్డ సంచుల్లో ఉంచుతాడు. నింపాక తూటా అడుగున గోళ్ళ రంగుతో చుక్క పెడతాడు. వెర్లిన్‌వి ఎరుపు, క్యాంపులో ఇంకొకడైన స్టాష్‌వి నీలం, తనవి ఆకుపచ్చ. ఆ చుక్కలు చూసినప్పుడల్లా హైరమ్‌కు ఒళ్ళు మండేది. తూటాకు సింగారం ఎందుకు?

అక్టోబరు చివర ఒక సాయంత్రం లైల్ అతని ఇంటికీ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీ తుపాకిలో కాల్చిన గుల్లలు ఒక ఇరవై ఇస్తారా? అందరివీ నింపుతున్నా కదా, మీవీ కూడా..."

"నా గుల్లల సంగతి నేను చూసుకుంటాలే."

"అలా అని కాదండీ, నేను..."

"చలి లోపలికొస్తోంది," అని హైరమ్ తలుపు మూశాడు.

వేటకు ముందురోజు ఆదివారం. మధ్యాహ్నం క్యాంపు వెనక అందరూ కాగితం మీద గురి చూసుకుంటారు. వంద గజాల దూరాన పలక, దాని మీద కాగితం, మనిషికి ఐదు గుండ్లు. కాగితాలు తెచ్చి లెక్క చెప్పేది ఆగీ. ఎనభై ఏళ్ళవాడు, క్యాంపుకు వంటవాడూ పెద్దా అతనే. అతని తండ్రి, మరో ఆరుగురు కలిసి కట్టిన క్యాంపు అది.

వెర్లిన్ కాగితం ముందు వచ్చింది. పోయిన ఏడు అతని ఐదు చిల్లులూ మూయాలంటే కంచం కావలసి వచ్చింది. ఈసారి కాఫీ కప్పు చాలింది.

"చూశావా బావా!" వెర్లిన్ కాగితాన్ని జెండాలా ఊపాడు. "నాకూ గురి వచ్చేసిందోయ్!"

"ముసలాడివయ్యాక వచ్చింది. ఏం చేసుకుంటావ్?" అన్నాడు స్టాష్. అతనిది మరో కొండ మీద డెయిరీ. ఆవుల దగ్గర మాట్లాడడానికి వీలుపడని మాటలన్నీ దాచుకుని క్యాంపులో కక్కుతాడు.

తరవాత లైల్ కాగితం. ఆగీ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. జేబులోంచి అర డాలరు బిళ్ళ తీసి చిల్లుల మీద పెట్టాడు. ఒక్క చిల్లు కూడా బయటికి కనబడలేదు.

"ఒరే, ఇది ఒక్క చిల్లేగా! మిగతా నాలుగూ పక్క లోయలో పడ్డాయా?" అన్నాడు స్టాష్. ఏడుగురి మధ్యా ఆ కాగితం చేతులు మారింది. హైరమ్ దగ్గరకు వచ్చేసరికి అతను బూటు తాడు కట్టుకుంటున్నాడు. ఆ బూటుకు తాడు ముందే కట్టి ఉంది.

చివరికి హైరమ్ కాగితం. నాలుగు చిల్లులు ఒక చోట ఉన్నాయి. ఐదోది బెత్తెడు ఎడంగా పోయింది.

"గాలి," అన్నాడు హైరమ్.

క్యాంపు పొగగొట్టంలోంచి పొగ తాడు కట్టి లాగినట్టు నిటారుగా పైకి పోతోంది. అందరూ దాన్ని చూశారు. స్టాష్ మాత్రం ఊరుకోలేదు.

"అన్నా, నీ ఐదో గుండు మా నాయనమ్మ లాంటిది. చర్చికని బయల్దేరి వాళ్ళ చెల్లెలింట్లో తేలేది. గోడ మీద నీకూ కాస్త జాగా ఉంచుతాంలే."

గోడంటే పొయ్యి వెనక గోడ. వేటలో గురి తప్పినవాడి చొక్కా అంచు కోసి, పేరూ తేదీ రాసి ఆ గోడకు మేకు కొడతారు. స్టాష్‌వే నాలుగు పీలికలు ఉన్నాయి. నలభై ఒక్క ఏళ్ళలో హైరమ్‌ది ఒక్కటీ లేదు.

అందరూ నవ్వారు. లైల్ ఒక్కడే నవ్వలేదు. నవ్వి ఉంటే హైరమ్‌కు కాస్త బాగుండేది. నవ్వకుండా తల దించుకుని తుపాకి తుడుచుకుంటున్నాడు. నవ్వకపోవడంలోనూ వీడిదే పైచెయ్యా అనిపించింది.

సూప్ కాగిందని ఆగీ కేకేశాడు. అందరూ లోపలికి పోయారు. హైరమ్ వెనకబడ్డాడు. వరండా పిట్టగోడ మీద లైల్ తూటాల పెట్టె మూత తీసి ఉంది. ఆకుపచ్చ చుక్కలు వరసగా పైకి చూస్తున్నాయి.

హైరమ్ తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. రంపపు మిల్లులో నలభై ఏళ్ళు పనిచేసిన చెయ్యి. ఐదో గుండు అప్పుడు అది వణికిందా? వణకలేదనే అనుకుంటున్నాడు. మరి తప్పు తూటాదా? లైల్ గొప్ప అతని చేతుల్లో ఉందా, ఈ పెట్టెలో ఉందా? పెట్టెలోనే అయితే, ఇవే తూటాలు తన తుపాకిలో పెడితే తనకూ అర డాలరు బిళ్ళ చాలాలి. ఒక్కసారి అది తెలిస్తే చాలు. ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఐదు తీసి కోటు జేబులో వేసుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ళలో అతను పరాయివాడి మేకు కూడా ముట్టుకోలేదు. సూప్ ఉప్పగా ఉందని అందరూ ఆగీని ఆడిపోసుకుంటుంటే, అతనికి మాత్రం రుచే తెలియలేదు.

సోమవారం చీకటితోనే లేచారు. ఆగీ బక్‌వీట్ అట్లు పోశాడు. లైల్ బల్ల చుట్టూ తిరుగుతూ కంచం కంచం పక్కనా ఐదేసి తూటాలు నిలబెట్టాడు. ఎరుపు, నీలం, పసుపు. హైరమ్ కంచం దగ్గర ఆగి, ఏమీ పెట్టకుండా ముందుకు పోయాడు. హైరమ్ తన తూటాలు తనే తీసి నిలబెట్టుకున్నాడు. వాటిలో ఒకటి పక్కకు పడిపోయింది. మళ్ళీ నిలబెట్టాడు.

"అందరికీ ఒక్క మాట," అని లైల్ గొంతు సవరించుకున్నాడు. "ఈ తూటాలు..."

హైరమ్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "కట్టెలు అయిపోయినట్టున్నాయి," అని బయటికి పోయాడు. కట్టెల పెట్టె నిండుగానే ఉంది. చలిలో నిలబడి, లోపల మాటలు ఆగి కంచాల చప్పుడు మొదలయ్యేదాకా ఆకాశంలో చుక్కల వైపు చూశాడు. రెండు కట్టెలు చంకన పెట్టుకుని లోపలికి వచ్చాడు.

అతను కాపు కాసే చోటు కొండ నడుమ, హెమ్లాక్ చెట్ల కింద ఒక పెద్ద రాయి. తెల్లవారింది. నేల మీద పల్చగా మంచు. దూరాన ఎక్కడో రెండు తుపాకులు పేలాయి. హైరమ్ తన తూటాలన్నీ తుపాకిలోంచి తీసి జేబులో వేసుకున్నాడు. రెండో జేబులోంచి ఆకుపచ్చ చుక్కది ఒకటి తీసి పెట్టాడు.

తూటాను లోపలికి తోసే బోల్టు ముందుకు పోయింది. పిడి కిందికి తిప్పాడు. సగం దిగి ఆగింది.

చలికి గ్రీజు బిగుసుకుందేమో అనుకున్నాడు. అరచేత్తో నొక్కాడు. ఇంకో వేలెడు దిగింది. ఆ తరవాత దిగలేదు. వెనక్కి తియ్యబోతే వెనక్కీ రాలేదు. కర్రతో తడదామంటే చప్పుడవుతుంది. కాళ్ళ మధ్య తుపాకి ఇరికించుకుని రెండు చేతులా పిడి పట్టుకుని గుంజాడు. అప్పుడే పైనుంచి ఆకుల అలికిడి అయింది.

మగ జింక. అంత పెద్దది అతను ఏడెనిమిదేళ్ళుగా చూడలేదు. నలభై గజాల్లో, రెండు చెట్ల మధ్య అడ్డంగా నిలబడింది. ముక్కులోంచి ఆవిరి వస్తోంది. కొమ్ములకు పది కొనలు లెక్కపెట్టాడు. లెక్కపెట్టడానికి కావలసినంత సేపు అది నిలబడింది. అతని చేతుల్లో తుపాకి చేతికర్రతో సమానమైపోయింది. జేబులో తన సొంత తూటాలు ఉన్నాయి, ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒక్కసారీ బోల్టుకు అడ్డం పడనివి. వాటిని ముట్టుకుంటే గలగలమంటాయని ముట్టుకోలేదు.

జింక అతన్ని చూసింది. తెల్ల తోక ఎత్తింది. కిందికి దూకుతూ లైల్ కాపున్న వాగు వైపు పోయింది.

హైరమ్ ఊపిరి బిగబట్టి విన్నాడు. నూరు లెక్కపెట్టేలోగా ఒక తుపాకి పేలింది. ఒకే ఒక్కసారి. రెండోది పేలలేదు, అంటే రెండో దానితో అవసరం పడలేదన్నమాట. హైరమ్ కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. నా జింక, అనుకున్నాడు. నా జింకను, తన తూటాతోనే నా చేతులు కట్టేసి, తను కొట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి కొండ దిగాడు. క్యాంపు ముందు కొయ్యకు జింక వేలాడుతోంది. చుట్టూ మనుషులు, వరండాలో సూప్ గిన్నెలు.

"పొద్దున్నే నీ రాయి దగ్గర్నుంచే దిగిందట బావా!" వెర్లిన్ ఎదురొచ్చాడు. "నువ్వు చూళ్ళేదా?"

"చూశాను."

"మరి కొట్టవేం? దానికి దారి చెప్పి పంపావా?" అన్నాడు స్టాష్.

"బోల్టు పట్టేసింది. లోపల తూటా ఉంది."

ఆగీ గిన్నె పక్కన పెట్టి లేచాడు. లోపల తూటా ఉన్న తుపాకి గడప దాటకూడదు. దాన్ని వరండాలో కట్టెలు కోసే కొయ్య స్టాండు మీద పడుకోబెట్టి, మూతి కొండ వైపు తిప్పాడు. అందర్నీ వెనక్కి జరగమన్నాడు. మేపుల్ చెక్క ముక్క తీసుకుని బోల్టు పిడి కింద ఒకటి తట్టాడు. కదల్లేదు. ఇంకొకటి గట్టిగా తట్టాడు. బోల్టు తెరుచుకుని తూటా బయటికి ఎగిరి, వరండా పలక మీద దొర్లుకుంటూ పోయి వెర్లిన్ బూటుకు తగిలి ఆగింది.

వెర్లిన్ వంగి తీశాడు. అడుగు చూశాడు. ఆకుపచ్చ చుక్క. దాన్ని స్టాష్‌కు చూపించాడు. 

"నేనే ఇచ్చాను," అన్నాడు లైల్. "నిన్న. ఒకసారి పెట్టి చూడమని. అది నా తుపాకికి తప్ప పట్టదని చెప్పడం మర్చిపోయాను. తప్పు నాది."

తడబడలేదు. హైరమ్ వైపు చూడనూ లేదు. ఆ అబద్ధాన్ని కూడా ఎర్ర అంకెల తక్కెడలో తూచి పోసినట్టే చెప్పాడు, ఒక పలుకు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"నీ తుపాకికి తప్ప పట్టకపోవడమేంట్రా?" అన్నాడు స్టాష్. "ఏడింటికీ ఒకటే సైజు కదా?"

"సైజు ఒకటే. పేలినప్పుడు గుల్ల ఉబ్బి ఆ తుపాకి లోపలి ఆకారానికి వస్తుంది. నేను మెడ ఒక్కటే బిగిస్తా, ఒళ్ళు ముట్టుకోను. దాని తుపాకిలో అది సొంత పడకలో పడుకున్నట్టు కూర్చుంటుంది. గురి అందుకే వస్తుంది. వేరే తుపాకిలో పట్టచ్చు, పట్టకపోవచ్చు. పొద్దున చెప్పానుగా, ఎవరివి వాళ్ళే వాడుకోండి, మార్చుకోవద్దని."

"చెప్పాడు బావా," అన్నాడు వెర్లిన్ మెల్లగా. "నువ్వు కట్టెలకెళ్ళావు."

 ఇది హైరమ్‌కు తెలియని సంగతి కాదు. కానీ ఇరవై తొమ్మిదేళ్ళుగా ఏడు తుపాకులకూ పట్టేలా గుల్ల మొత్తాన్నీ అచ్చులో నొక్కి సరిచేసినవాడు, ఒక్క తుపాకి కోసం నింపేవాడు ఉంటాడన్న మాటే మరిచిపోయాడు.

"ఆగాగు," అన్నాడు ఆగీ. "అంటే నా తూటాలు అడవిలో అయిపోతే వెర్లిన్‌వి నాకు పనికిరావా?"

"రాకపోవచ్చు," అన్నాడు లైల్.

ఆగీ బెంచీ మీద కూర్చున్నాడు. "మా నాన్న ఆ వాగులో కాలు విరిగి పడ్డాడు. సాయం కోసం పిలుపు గుండ్లు కాల్చీ కాల్చీ అయిపోతే, పక్కనున్నవాడివి తీసుకుని కాల్చాడు. అందుకే ఒకటే సైజని పెట్టారు. మీరు పుట్టకముందు సంగతి."

లైల్ మొహం ఎర్రబడింది. "అది నాకు తట్టలేదు," అన్నాడు.

"ఏమాటకామాటే," అన్నాడు స్టాష్. "హైరమ్ అన్న తూటా చర్చికెళ్ళినా వెళ్ళకపోయినా, ఎవడి తుపాకిలోనైనా దూరేది."

"వచ్చే ఏడు మళ్ళీ నువ్వే నింపు బావా," అన్నాడు వెర్లిన్. "ఏమంటారు?"

అవునన్నట్టు తలలు ఊగాయి. సెప్టెంబరు నుంచీ హైరమ్ కడుపులో పెట్టుకున్న మాట అదే. ఇప్పుడు అతను సరేనంటే చాలు. సంచులు మళ్ళీ నేలమాళిగ మెట్లు దిగుతాయి.

లైల్ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. జింక నెత్తురు ఎప్పుడో పోయింది, ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. హైరమ్ అతన్నే చూశాడు. గురిలో వీడే పైన. జింక కూడా వీడిదే. ఇప్పుడు నా కుర్చీ నాకు వీడి అబద్ధం వల్ల తిరిగొస్తోంది. ఇది పుచ్చుకుంటే, బతికినంతకాలం ఏటా వేట సోమవారం తూటాలు నిలబెడుతున్నప్పుడల్లా ఆ చివరి కుర్చీలోంచి వీడు చూస్తూ ఉంటాడు. ఏమీ అనడు. నవ్వడు కూడా.  దొంగ అనిపించుకోవడం నయం, వీడికి రుణపడడం కన్నా.

కోటు జేబులో చెయ్యి పెట్టి మిగతా నాలుగూ తీశాడు. పిట్టగోడ మీద వరసగా నిలబెట్టాడు.

"ఇతను ఇవ్వలేదు," అన్నాడు. "నేను తీశాను. నిన్న, మీరు సూప్ తాగుతుంటే."

కొయ్యకు కట్టిన తాడు కిర్రుమంటోంది. 

"బావా," అన్నాడు వెర్లిన్. 

"గురి తప్పితే చొక్కా కోస్తాం," అన్నాడు ఆగీ. "దీనికి మన దగ్గర రూలు లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు."

"ఇప్పుడు పడింది," అన్నాడు హైరమ్. కోటు విప్పి, చొక్కా అంచు ప్యాంటులోంచి బయటికి లాగి, మొల కత్తితో జానెడు కోశాడు. వంకరగా తెగింది. లోపలికి పోయి పొయ్యి వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. పెన్సిలుతో పేరు రాశాడు, తేదీ రాశాడు. రాస్తుంటే చెయ్యి వణికింది. ఈసారి కాదనుకోలేదు.

స్టాష్ గుమ్మంలోకి వచ్చాడు. "నా వాటి మీద కొట్టకన్నా. అవి నా ఆస్తి," అన్నాడు, కానీ గొంతులో ఎప్పటి జోరు లేదు.

సుత్తి కోసం చూస్తుంటే లైల్ తెచ్చి ఇచ్చాడు. పక్కనే నిలబడ్డాడు. హైరమ్ ఒక మేకు కొట్టాడు.

"గుల్ల ఒళ్ళంతా సరిచేసే మీ పాత అచ్చు," అన్నాడు లైల్. "ఏడింటిలోకీ బిగుతైన తుపాకికి సరిపోయేలా మీరే అరగదీసుకున్నారట. వెర్లిన్ చెప్పాడు. అలాంటిది ఎక్కడా దొరకదు. ఒకసారి ఇస్తారా?"

"ఇవ్వను."

లైల్ తల ఊపి వెనక్కి తిరిగాడు. హైరమ్ రెండో మేకు కొట్టాడు.

"సెప్టెంబర్లో రా," అన్నాడు గోడతోనే. "నా బల్ల మీదే చెయ్యి. ఆ ఎర్ర అంకెలది కూడా పట్రా, దాని సంగతేంటో చూద్దాం."

"తెస్తాను."

"ముందు కాళ్ళు తుడుచుకుని రా. మేబెల్ అరుస్తుంది."

సుత్తి బల్ల మీద పెట్టి హైరమ్ బయటికి వచ్చాడు. అందరూ మళ్ళీ గిన్నెల దగ్గర చేరారు. అతను మాత్రం కొయ్య దగ్గరకు పోయి జింక తల పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. కొమ్ముల మీద వేలు పెట్టి ఒక్కొక్క కొనా లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. పొద్దున రాయి దగ్గర పది అనుకున్నాడు. చెవి వెనక, కొమ్ము మొదట్లో, బొటనవేలంత కొన ఇంకొకటి తగిలింది.

పదకొండు.

హైరమ్ తల వదిలేశాడు. ఇందులోనూ వీడికి ఒకటి ఎక్కువే, అనుకున్నాడు. గిన్నె అందుకుని ఆగీని సూప్ పొయ్యమన్నాడు.